సొరపిల్లలు ముద్ద ముట్టని ఎండాకాలం

మా ఆయన దుబాయ్ నుంచి మూటాముల్లే సర్దుకుని పూర్తిగా వచ్చేశాక కొన్ని నెలలు ఏ పనీ మొదలుపెట్టలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, నేను బట్టలు కుట్టుకునే ముందు గదిలో పెద్ద అద్దాల తొట్టి కట్టించి అందులో సొరచేపల్ని పెంచుతానన్నాడు. నేను మజ్జిగ పోస్తున్నాను. గిన్నె కింద పెట్టి ఆయన ముఖం చూశాను. నవ్వులాటకు అన్నట్టు లేదు.

మాది కరీంనగర్‌లో మానేరు డ్యాం వైపు పోయే దారిలో చిన్న ఇల్లు. మా బిడ్డ బాసరలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తా, ఇప్పుడు ఆయనా. ఆయన లేనన్నేళ్ళూ ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బ్లౌజులు కుట్టాను. వాడకట్టు ఆడవాళ్ళ పట్టుచీరలు, పెళ్ళిబట్టలు అన్నీ ఆ గదిలోనే ఉండేవి. వాటి మధ్య నీళ్ళ తొట్టి అనగానే నాకు మొదట తోచింది సొరచేప కాదు, ఎవరిదో పెళ్ళిచీర ఉప్పునీళ్ళలో తేలుతున్నట్టు తోచింది.

ఆయనకు ఈ పిచ్చి ఊరికే పట్టింది కాదు. అక్కడ మొదట కట్టడాల దగ్గర కూలిపని చేశాడు, తర్వాత ఒక హోటల్లో ఊడ్చే పనిలో చేరాడు. ఆ హోటల్ ముందు హాల్లో గోడంత తొట్టి ఉండేది. అందులో చిన్న జాతి సొరచేపలు, చాటల్లా బల్లపరుపుగా ఉండే రే చేపలు తిరిగేవి. అద్దాలు తుడిచే మనిషి ఊరికి వెళ్ళిపోతే ఆ పని ఈయనకిచ్చారు. మెల్లగా నీళ్ళలో దిగడం, మేత పెట్టడం, నీటిని పరీక్షించడం అన్నీ అక్కడి ఫోర్‌మెన్ దగ్గర నేర్చుకున్నాడు. మూతికి గొట్టం పెట్టుకుని నీళ్ళలో నిలబడి చెయ్యి ఊపుతున్న వీడియోలు మాకు పంపేవాడు. నన్ను గుర్తుపడతయ్ అని ఫోన్లో అనేవాడు. మా అత్త ఆ వీడియోలు చూసి కొంగు కళ్ళకద్దుకునేది, కొడుకు ఏ నీళ్ళలో మునుగుతున్నాడో అని.

తర్వాత హోటల్ చేతులు మారింది. పాతవాళ్ళను పంపించేశారు. వచ్చిన కొత్తలో చుట్టాలు ఒకరు ఆటో కొనమన్నారు, ఒకరు కిరాణం పెట్టమన్నారు. ఆయన అందరి మాటా తల ఊపి విన్నాడు. పొద్దంతా మంచం మీద పడుకుని పైకప్పు చూసేవాడు. పిలిస్తే ఒక్కోసారి రెండోసారికి గానీ పలికేవాడు కాదు. అందుకే సొరచేపల మాట ఎత్తినప్పుడు నాకు బుగులైనా వద్దని అనలేకపోయాను. ఆ నోట ఏదో ఒక కోరిక వచ్చింది కదా అనిపించింది.

అత్త మాత్రం ఊరుకోలేదు. "ఇంట్ల చాపలంటె సీసాల ఏసుకుంటరు. సముద్రపుయి దెచ్చి పెడ్తవారా? మనుషులను మింగేటియి."

"చిన్నయే అవ్వా. బాంబూ షార్కులంటరు. జానెడుంటయ్, పెద్దగైతె మూరెడు, మూరెడున్నర. కరువయ్. ఇసుకల పండుకుంటయ్, అంతే" అన్నాడు ఆయన.

మీద గది వేయడానికని దాచింది ఆ తొట్టికి పోయింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

తొట్టి చేసింది మా వీధి చివర అద్దాల దుకాణం నడిపే ఆయన. ఊరంతా భాయ్ అనే పిలుస్తారు. వాళ్ళ ఆడవాళ్ళ కుట్టుపని చాలాకాలంగా నా దగ్గరికే వస్తుంది. భాయ్ ముందు గది కొలిచి, గచ్చును కాలితో తన్ని చూసి, ఇంత బరువు దీనిమీద నిలవదని చెప్పాడు. గచ్చు పగలగొట్టి, కంకర పోసి, మోకాలెత్తున సిమెంటు దిమ్మె కట్టించారు. ఆ దుమ్ములో నా మిషను వెనక వరండాలోకి పోయింది. చీరలన్నీ ఇనుప బీరువాలో పెట్టి, బీరువా కాళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

మందపాటి అద్దాలు హైదరాబాద్ నుంచి వచ్చాయి. దిమ్మె మీదే నిలబెట్టి అతికించారు. నిలబడితే అంచు నా ఛాతీ దగ్గరికి వస్తుంది. పొడవు గది గోడంత. అతుకులు ఆరాక మంచినీళ్ళు నింపి చూశారు. నేను దిమ్మె చుట్టూ పాత న్యూస్‌పేపర్లు పరిచాను. తడి తగిలితే కాగితం మీద తెలుస్తుంది కదా. పొద్దున లేవగానే మొహం కూడా కడగకుండా పోయి ఆ కాగితాలు తడిమి చూసేదాన్ని. రెండు పొద్దులు పొడిగానే ఉన్నాయి. ఆ తర్వాత ఒక మూల కాగితం మెత్తబడింది.

భాయ్ వచ్చి ఆ మూల వేలితో రాసి చూశాడు. మొత్తం నీళ్ళు తోడించి, అతుకంతా బ్లేడుతో గీకి తీసి మళ్ళీ వేశాడు. పోతూ పోతూ నాతో, "ఫికర్ జెయ్యకు చెల్లె. అద్దం నాది, జిమ్మా నాది" అన్నాడు. పూచీ తనదన్న ఆ మాటతో నాకు ధైర్యం రావాలి. కానీ ఆయన కూడా రోజుకోసారి ఏదో వంకతో వచ్చి ఆ మూల తడిమి పోతుంటే నా బుగులు రెట్టింపయింది.

రెండోసారి నీళ్ళు నిలిచాయి. వడపోసిన నీళ్ళలో సముద్రపు ఉప్పు సంచులకొద్దీ కలిపారు. పక్కన రెండు తొట్లు, వాటిలో మోటార్లు, మురికిని నురుగుగా లాగే గొట్టం, నీళ్ళను చల్లబరిచే పెట్టె. అడుగున మెత్తని ఇసుక. రాళ్ళు వద్దన్నాడు. రే చేప పొట్ట మీద పాకుతుంది, గీసుకుపోతుందట. అంతా అయ్యాక అందులో చేపలు వేస్తారని మేమంతా ఎదురుచూస్తే, ఒక పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్ళనిచ్చాడు. నీళ్ళు ముందు బతకాలి, తర్వాతే చేపలు అన్నాడు. వారాల తరబడి ఖాళీ తొట్టిలో నీళ్ళు తిరుగుతూ ఉన్నాయి. రోజూ చిన్న గాజుగొట్టంలో నీళ్ళు తీసి, మందు చుక్కలు వేసి, వెలుతురుకు పట్టి చూసేవాడు. పచ్చరంగు వస్తే విషం ఉన్నట్టు, పసుపు వస్తే లేనట్టు. అత్త పూజ చేసుకుంటూనే "పసుపచ్చగొచ్చిందా?" అని కేకేసేది.

ఆ గదిలో అగరుబత్తి వద్దన్నాడు, దోమల చుట్ట వద్దన్నాడు, గచ్చు ఫినాయిలుతో తుడవొద్దన్నాడు. అత్త తన దేవుడి పటాలు వంటింట్లోకి మార్చుకుంది. నాకు ఒక్కటే భయం. ఇన్ని వద్దులలో ఏదో ఒకటి నేనే మరిచిపోతాను, ఏదో ఒకటి నా చేతి మీదుగానే జరుగుతుంది.

ఎండలు ముదురుతుండగా పసుపు రంగు వచ్చింది. చెన్నై నుంచి విమానంలో హైదరాబాద్‌కు వచ్చిన థర్మకోల్ పెట్టెల్ని ఆయనా భాయ్ కలిసి కారులో వెళ్ళి తెచ్చారు. సన్నని పైపుతో మా తొట్టి నీళ్ళు చుక్కచుక్కగా ఆ సంచుల్లోకి వదిలారు, కొత్త నీళ్ళు అలవాటయ్యేలా. మేం పెళ్ళివారింట్లో కూర్చున్నట్టు గోడవారగా కూర్చుని చూశాం. తర్వాత ఒక్కొక్కదాన్నే వదిలాడు. నలుపూ తెలుపూ పట్టీలతో రెండు సొరపిల్లలు, అరచేతికి కాస్త ఎక్కువ పొడవు. ఆ తర్వాత రే. పళ్ళెమంత వెడల్పు, ఒంటి మీద నీలి చుక్కలు, సన్నని తోక. అది అంచులు అలల్లా ఆడిస్తూ అడుక్కు పోయి, ఇసుకను ఒంటి మీదికి చల్లుకుని మాయమైంది. రెండు కళ్ళు మాత్రం పైకి కనిపించాయి.

"రొట్టెలెక్కున్నది" అంది అత్త. అప్పట్నుంచి దాని పేరు రొట్టే.

మొదట్లో తినకపోవడం మామూలే అన్నాడు ఆయన. ప్రయాణపు అలసట. కొత్త చోటు. అప్పటికి కాగజ్‌నగర్ నుంచీ ఆదిలాబాద్ నుంచీ కూడా చుట్టాలు వచ్చి చూసిపోతున్నారు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు అద్దానికి ముక్కానించి నిలబడేవాళ్ళు. మా అవ్వ ఆదిలాబాద్ నుంచి వచ్చి చూసి, నా చెవిలో మెల్లగా, అల్లుడు మంచిగనే ఉన్నడా అని అడిగింది. చేపల గురించి కాదు ఆమె అడిగింది. ఉన్నాడని చెప్పాను. అప్పటికి నిజమే.

కానీ అవి తినలేదు. రొయ్య పెట్టాడు, ముట్టలేదు. హైదరాబాద్ నుంచి ఐసులో సముద్రపు చేప ముక్కలు తెప్పించాడు, ముట్టలేదు. ముక్కను పొడవైన పట్టుకర్రతో మూతి దగ్గర ఆడిస్తే సొరపిల్లలు దగ్గరికి వచ్చి, చటుక్కున వెనక్కి తిరిగిపోయేవి. ఇసుక మీద పడుకోవాల్సినవి పడుకోకుండా అద్దం వెంట పైకీ కిందికీ తిరుగుతూ, మూతి నీళ్ళ బయటికి పెట్టేవి. రొట్టె మోటారుకు దూరంగా ఉన్న మూలకు పోయి, అంచులు పైకి ముడుచుకుని పడి ఉండేది. అట్లా ముడవడం మంచిది కాదని ఆయనే చెప్పాడు. చెప్పి, నేను విన్నానని గుర్తొచ్చి మాట మార్చాడు.

రోజూ నీళ్ళు పరీక్షించాడు. పసుపే. ఉప్పు సరిగ్గా ఉంది. చల్లదనం సరిగ్గా ఉంది. అంతా సరిగ్గా ఉండి అవి తినకపోవడమే ఆయన్ను తినేసింది. దుబాయ్ నుంచి తెచ్చుకున్న రబ్బరు బూట్లు వేసుకుని పొద్దంతా తొట్టి ముందు నిలబడేవాడు. అక్కడి పద్ధతి అది, నీళ్ళ దగ్గర బూట్లు లేకుండా పని చేయనిచ్చేవాళ్ళు కాదట. అన్నానికి పిలిస్తే వచ్చి రెండు ముద్దలు కలిపి లేచిపోయేవాడు. మళ్ళీ రెండుసార్లు పిలిస్తే గానీ పలకని మనిషి అయిపోతున్నాడు. నాకు కత్తెర పట్టుకున్నా చెవులు ముందు గది వైపే ఉండేవి.

ఒక పొద్దున చిన్న సొరపిల్ల ఇసుక మీద వెల్లకిలా ఉంది. పట్టీలన్నీ అట్లాగే నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆయన చేతులతో తీసి, ఏదైనా బట్ట ఉందా అని నన్నడిగాడు. బ్లౌజు లైనింగుకు తెచ్చిన తెల్లగుడ్డ చించి ఇచ్చాను. వెనక కరివేపాకు చెట్టు పక్కన పాతిపెట్టాడు. అత్త దూరంగా నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు ఇంకా భయం.

ఆ సాయంత్రం నేను వరండాలో హుక్కులు కుడుతున్నాను. ఆయన పక్క సందులో నిలబడి ఫోన్లో హిందీలో మాట్లాడుతున్నాడు, అక్కడి ఫోర్‌మెన్‌తో. చేప తినడం లేదనీ, ఒకటి చనిపోయిందనీ చెప్తున్నాడు. తర్వాత చాలాసేపు విన్నాడు. తర్వాత "వీసా" అన్న మాట వినిపించింది. ఆ తర్వాత "సోచ్‌తా హూఁ" అన్నాడు. ఆలోచిస్తానని.

సూది ఎక్కడ దిగిందో చూసుకోలేదు. హుక్కు వంకరగా కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. అడగాలనుకున్నాను. అడిగితే అవునంటాడేమోనని అడగలేదు. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ మోగితే చాలు, మిషను తొక్కడం ఆపేసేదాన్ని. తొట్టిలో మిగిలిన రెండు ప్రాణాలూ ఆయన్ను ఇంట్లో పట్టి ఉంచిన తాళ్ళలాగా కనిపించాయి. అవి తెగితే ఈయన వెళ్ళిపోతాడు.

ఇంతలో కాగజ్‌నగర్‌లో ఆయన అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. బావ పేపర్ మిల్లులో షిఫ్టు పని, చూసుకునే దిక్కు లేదు. రెండ్రోజులు పోయి రాక తప్పలేదు. పెద్దపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. పోయేముందు నాకు అన్నీ చూపించాడు. పట్టుకర్రతో రొయ్య ముక్క పెట్టాలి. కాసేపటికి తినకపోతే తీసేయాలి, లేకపోతే కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. చెయ్యి మాత్రం పెట్టొద్దు, రొట్టె తోక దగ్గర ముల్లుంటుంది. మోటార్ల జోలికి పోవద్దు. నేను తల ఊపాను. ఆయన గేటు దాటాక తొట్టి ముందుకు వచ్చి, చెప్పినవన్నీ వేళ్ళ మీద ఒకసారి లెక్కపెట్టుకున్నాను.

రైలు మందమర్రి దాటుతున్నప్పుడు ఫోన్ చేసి ఎట్లున్నాయని అడిగాడు. ఉన్నాయన్నాను. మరుసటి పొద్దున రొయ్య పెట్టాను. సొరపిల్ల వచ్చి, తిరిగి పోయింది. ముక్కను తీసేయబోతే తడిచేతిలోంచి పట్టుకర్ర జారి తొట్టి అడుగుకు పోయింది. రొయ్య ముక్క ముందు అద్దం పక్కనే ఇసుక మీద పడి ఉంది. అత్త అట్లకాడ తెచ్చి ఇచ్చింది, అందలేదు. చీపురు పుల్లతో నెట్టబోయి మానేశాను, దానికి ఏ ఫినాయిలు అంటి ఉందో.

రొట్టె అవతలి మూలలో ఉంది. దాని కళ్ళనే చూస్తూ కుడిచేతిని భుజం దాకా నీళ్ళలో ముంచాను. ముక్క అందింది. అంతలో చూపుడువేలు చివర చురుక్కుమంది. పొద్దున్నే అక్కడ సూది గుచ్చుకుంది, గోరు పక్కన. ఉప్పు మండుతోందనుకుని ముక్క బయటపడేసి, పట్టుకర్ర కోసం మళ్ళీ ముంచాను. ఇది మంట కాదు. చీమలు పాకినట్టు, ఆగి ఆగి జివ్వుమంటోంది.

గచ్చంతా నీళ్ళు చింది ఉంది, నేను వట్టి కాళ్ళతో ఉన్నాను. జారుతానేమోనని పక్కనున్న ఆయన రబ్బరు చాప మీదికి జరిగాను. జివ్వుమనడం ఆగింది. ఉప్పు మంట మాత్రం ఉంది. ఒక కాలు తడి గచ్చు మీద పెట్టాను. మళ్ళీ మొదలైంది. చెయ్యి బయటికి లాగేసుకుని అత్తకు చెప్పాను.

ఆమె తొట్టినీ నా కాళ్ళనూ చూసింది. "కరెంటు కొడ్తున్నదేమొ బిడ్డా. మన పాత బోరు మోటరు గట్లనే జివ్వుమనేది, ఎర్కేనా? ముట్టకు."

భాయ్‌కి ఫోన్ చేశాను. చెప్పింది సగం వినగానే, "చెయ్యి పెట్టకు చెల్లె. ఎవ్వలను పెట్టనియ్యకు. నేనొస్తున్న" అని పెట్టేశాడు. వచ్చేటప్పుడు కరెంటు పని చేసే తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను మీటరు తీగ నీళ్ళలో పెట్టి, మోటార్లు ఒక్కొక్కటే ఆపుతూ చూశాడు. మూడోది ఆపగానే మీటరు ముల్లు పడిపోయింది. తీసి చూపించాడు. తీగ లోపలికి పోయే చోట పైతొడుగు వెంట్రుకంత చిట్లి ఉంది. అందులోంచి కొద్దికొద్దిగా నీళ్ళలోకి కరెంటు దిగుతోంది. దాన్ని లాగేసుకోవాల్సిన ఎర్తింగు సంగతి చూద్దామని వెనక్కి పోయాం. బొగ్గూ ఉప్పూ పోసి తీగ పాతిన ఆ గుంత ఎండకు బూడిదలా ఎండిపోయి ఉంది. ఎండాకాలంలో దానికి నీళ్ళు పొయ్యాలని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అత్త బకెట్ల మీద బకెట్లు పోసింది. నేల గుటగుటమని తాగింది.

మనుషులకు ఇది జివ్వుమనేంతే, కానీ ఎప్పటికీ ఇంతే ఉంటుందనుకోవద్దని అతను నన్ను కోప్పడ్డాడు. ఇల్లంతటికీ కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే బ్రేకరు పెట్టించమన్నాడు. నేను సరేనన్నాను కానీ నా కళ్ళు తొట్టి మీదే ఉన్నాయి. మనిషికి జివ్వుమనేంత. పొద్దంతా అందులోనే ఉన్నవాటికి?

ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

"నీకేం గాలే గద?" అన్నాడు ముందు.

ఏం కాలేదన్నాను.

"సొర చాపలకు కరెంటు తెలుస్తది. చిన్న చాప గుండె కొట్టుకునేది గూడ ఇసుక కింద తెలుస్తది వాటికి. గా మాట నాకెర్కే. ఎర్కుండి సూడలే. బూట్లేస్కోని నిలవడ్డ ఇన్ని రోజులు."

ఆ గొంతు నాకు నచ్చలేదు. అది కోపం కాదు, దిగులు కూడా కాదు, బావిలోంచి వచ్చినట్టుంది.

మరుసటి రోజు వచ్చాడు. కొత్త మోటారు పెట్టారు, బ్రేకరు పెట్టారు. వెనక గుంత మొత్తం తవ్వి కొత్త బొగ్గు పోస్తున్నాడు. నేను బొగ్గు తట్ట అందిస్తూ నిలబడ్డాను. ఆయన ముఖం కిందికి ఉంది. అప్పుడే అడిగాను, ముఖం చూస్తూ అడగలేనని తెలిసి.

"మల్ల దుబాయ్ పోతవా?"

పార ఆగింది. "ఎవ్వలన్నరు?"

"ఇన్న. వీసా అనుకుంట మాట్లాడినవ్."

"ఫోర్‌మెనే అడిగిండు. కొత్త హోటల్ల మనిషి గావాల్నట. పోవాల్నని లేదు. కని ఈడ నేనేం పనికొస్తనో నాకు సమజయితలేదు. వచ్చిన ఒక్క పనిల గూడ ఒకదాన్ని సంపుకున్న."

నేను తట్ట కింద పెట్టాను. ఇంతకుముందు ఎన్ని మాటలు లోపల పేర్చుకున్నానో ఒక్కటీ గుర్తు రాలేదు. "పోవాల్నని ఉంటె పో. నేను ఆపితె ఆగుతవా? కని చాప సచ్చిందని పోకు. గట్ల పోతె అక్కడ గూడ గిదే మొకం ఏస్కోని ఉంటవ్" అన్నాను.

ఆయన గుంతలో బొగ్గు సర్ది, ఉప్పు చల్లి, నీళ్ళు పోయమన్నాడు. పోశాను.

రెండు రోజుల తర్వాత సొరపిల్ల ఇసుక మీద పడుకుంది. ఆ సాయంత్రం పట్టుకర్ర చివరి రొయ్య ముక్కను తల విదిలించి లాక్కుంది. చప్పుడు కూడా వినిపించింది, చిన్నగా టక్కుమని. ఆయన పట్టుకర్రను అట్లాగే నీళ్ళలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నేను ఏడ్చాను, వంటింట్లోకి పోయి.

రొట్టె మాత్రం తినలేదు. అంచుల ముడత విడిచింది, తొట్టంతా తిరుగుతోంది, కానీ ముక్క పెడితే దాటిపోతోంది. నడుము దగ్గర ఎముకలు తేలుతున్నాయి. ఇంత కాలం తినకపోతే తర్వాత తినాలన్నా తినలేవని ఆయన అన్నాడు. ఆ మాట విన్నాక నాకు మళ్ళీ పాత భయం పట్టుకుంది. సొరపిల్ల తింది కదా అని నన్ను నేను ఎంత సముదాయించుకున్నా పొద్దున లేచి ముందు రొట్టె కళ్ళు కదులుతున్నాయా అని చూసేదాన్ని.

మనుషుల్ని చూసి బెదురుతోందేమో అని అనుమానం వచ్చింది ఆయనకు. ఆ రోజు కొలతలకు ఎవరినీ రావొద్దన్నాను. ఆయన చిన్న రొయ్య ముక్కను అద్దానికి దగ్గరగా ఇసుక మీద వదిలి, లైటు ఆర్పి, నడి గది తలుపు వెనకకు వచ్చాడు. తలుపు సందులోంచి ముగ్గురం చూశాం. అత్త మా ఇద్దరి మధ్యలో వంగి ఉంది. కిటికీలోంచి ఎండ ఇసుక మీద పడుతోంది.

రొట్టె చాలాసేపటికి వచ్చింది. ముక్క మీదుగా పోయింది. తిరిగి వచ్చి, ఈసారి ముక్క మీద కూర్చుంది. ముక్క దాని ఒంటి కింద పడిపోయింది.

"తింటున్నదా?" అంది అత్త గుసగుసగా.

"నోరు కిందుంటదవ్వా. కనవడది" అన్నాడు ఆయన.

అందుకే అది లేచేదాకా తెలియదు. ముక్క మీద ఊరికే కూర్చుందో, తింటోందో. ఇసుక కొద్దిగా చెదిరింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన చెయ్యి తలుపు చెక్కను పట్టుకుని ఉంది. అప్పుడు రొట్టె ఒక అంచు ఎత్తింది, తర్వాత రెండోది, మెల్లగా పైకి లేచి పక్కకు పోయింది. అది ఉన్న చోట ఇసుక గుంటపడి ఉంది. గుంటలో ముక్క లేదు.

మేం ముగ్గురం ఒకరినొకరు చూసుకోలేదు. అత్తే ముందు కదిలింది. "ఇంకోటి ఎయ్యిరా. సరిపోదు" అంది.

ఇంకోటి వేశాడు. అదీ తింది. ఆయన ఫోన్ తీసుకుని సందులోకి పోయాడు. నేను వరండాలో మిషను ముందు కూర్చుని, తొక్కకుండా విన్నాను. ముక్క ఎంత ఉందో, ఎంతసేపు దాని మీద కూర్చుందో, కరెంటు సంగతి, నా వేలి సంగతి, అన్నీ ఆ ఫోర్‌మెన్‌కు పూసగుచ్చినట్టు చెప్పాడు. అవతలి మనిషి ఏదో అడిగాడు. ఆయన "అభీ నహీఁ, ఉస్తాద్" అన్నాడు. ఇప్పుడు కాదు.

అది జరిగి ఇంకో ఎండాకాలం గడిచింది. ఆయన ఇక్కడే ఉన్నాడు. జగిత్యాలలో ఒకరి ఇంట్లో, ఊళ్ళో రెండు హోటళ్ళలో మంచినీళ్ళ చేపల తొట్లు పెట్టించి చూసుకుంటున్నాడు. ఎక్కడికి పోయినా ముందు ఎర్తింగు గుంత చూపించమంటాడట, వాళ్ళు నవ్వుతారట. సొరపిల్ల మూరెడైంది, దానికి ఇంకా పెద్ద తొట్టి కావాలంటున్నాడు. ఎక్కడ పెడతావని అడిగితే మా వరండా వైపు చూస్తున్నాడు. నేను ఇంకా జవాబివ్వలేదు.